రోడ్డు ప్రమాదమైతే ఒక న్యాయం, కత్తిపోటైతే మరో న్యాయమా?

2021 ఆగస్టు 15న గుంటూరులో పట్టపగలు, నడిరోడ్డు మీద ఒక ఇంజనీరింగ్ విద్యార్థినిని ఒక యువకుడు కత్తితో పొడిచి చంపాడు. ఆ దృశ్యం సీసీ కెమెరాకి చిక్కి ఫోన్లలో తిరిగింది. నిందితుడు అదే రోజు దొరికాడు. తొమ్మిది నెలలు తిరగకముందే, 2022 ఏప్రిల్‌లో, గుంటూరు ప్రత్యేక న్యాయస్థానం అతనికి మరణశిక్ష వేసింది. నేరం చేసినవాడి సంగతి అంత త్వరగా తేలింది. వీడియో చూసినవాళ్లని మాత్రం ఇంకో ప్రశ్న వదల్లేదు: చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారు? కళ్లెదుట మనిషి రక్తమోడుతుంటే చూస్తూ ఉండిపోయేవాళ్ల మీద పెట్టడానికి కేసే లేదా?

లేదు. జనం అనుకునే రూపంలో అయితే అసలు లేదు. మన దేశంలో దారినపోయే దానయ్య మీద, గాయపడ్డ పరాయి మనిషిని ఆదుకుని తీరాలని చట్టం ఏ బాధ్యతా పెట్టలేదు. అతను చూసి తల తిప్పుకుని వెళ్లిపోయినా, ఎదురుగా కొట్టు అరుగు మీద కూర్చుని టీ తాగినా, కేవలం సాయం చేయలేదన్న కారణంతో అతన్ని బోనెక్కించే సెక్షన్ మన కొత్త శిక్షా చట్టం భారతీయ న్యాయ సంహితలో కనిపించదు. దీన్ని విని కోపం రావడం సహజం. అయితే చట్టం ఇలా ఎందుకుందో, ఎక్కడెక్కడ మినహాయింపులు పెట్టిందో తెలిస్తే, ఆ కోపం ఎటు తిరగాలో కూడా తెలుస్తుంది.

దీని మూలం 1837 దాకా వెళుతుంది. బ్రిటిష్ అధికారి మెకాలే అధ్యక్షతన శిక్షాస్మృతి ముసాయిదా రాసినప్పుడు, చేయకపోవడం ఎప్పుడు నేరమవుతుందన్న దాని మీద పెద్ద చర్చే జరిగింది. ముసాయిదాకి జోడించిన వివరణలో ఒక ఉదాహరణ ఉంది. నది పొంగిందనీ, దాటితే మునిగిపోతారనీ ఒకడికి తెలుసు. దాటబోతున్న బాటసారికి ఆ ముక్క చెప్పడు. బాటసారి చనిపోతాడు. తెలిసినవాడు ఆ రేవులో జనాన్ని హెచ్చరించడానికి సర్కారు పెట్టిన బంట్రోతు అయితే అది హత్య. దారి చూపిస్తానని కూలి మాట్లాడుకున్నవాడైనా హత్యే. సాటి మనిషి అన్న ఒక్క బంధం తప్ప వేరే ఏ సంబంధమూ లేనివాడైతే హత్య కాదు. ఆ మౌనం మంచిదని మెకాలే అనలేదు. చెడు చేయకుండా ఆపడం వరకే శిక్షాస్మృతి పని అనీ, మంచి చేయించే పని లోకం మాటకీ, ధర్మం బోధించేవాళ్లకీ వదలాలనీ ఆయన వాదన.

1860లో వచ్చిన భారతీయ శిక్షాస్మృతి ఆ గీత మీదే నడిచింది. 2024 జూలై 1న దాని స్థానంలో న్యాయ సంహిత వచ్చింది, సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. ఆ గీత మాత్రం చెరగలేదు. చేయకపోవడం నేరం కావాలంటే, ముందు చేయాల్సిన బాధ్యత చట్టం నుంచో, ఉద్యోగం నుంచో, ఒప్పందం నుంచో, బంధుత్వం నుంచో వచ్చి ఉండాలి.

కాబట్టి విజయవాడ బందరు రోడ్డు మీద ఒక గాయపడ్డ మనిషి చుట్టూ పదిమంది చేరారనుకుంటే, చట్టం కంటికి ఆ పదిమందీ ఒకటి కాదు. వాళ్లలో డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ ఉంటే అతనికి బాధ్యత ఉంది. గాయపడ్డది పసిబిడ్డ అయి, పక్కన తల్లో తండ్రో ఉంటే వాళ్లకుంది. ఆ ఆవరణని కాపాడటానికే జీతం తీసుకుంటున్న సెక్యూరిటీ గార్డు, నదిరేవులో బంట్రోతుకి దగ్గరగా వస్తాడు. గుద్దిన వాహనం నడిపినవాడికైతే చట్టం నేరుగా చెప్పింది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం, జనం మీదపడి కొట్టే పరిస్థితి లేదా తన చేతుల్లో లేని వేరే కారణం ఉంటే తప్ప, గాయపడ్డవాణ్ణి డ్రైవరే దగ్గర్లోని ఆస్పత్రికి చేర్చే ప్రయత్నం చేయాలి. చేయకపోతే 2019 సవరణ తర్వాత ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నిర్లక్ష్యంగా నడిపి, గుద్ది ప్రాణం తీసి, పోలీసుకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా శిక్ష అని న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో రెండో ఉపసెక్షన్ రాశారు. లారీ డ్రైవర్ల ఆందోళన తర్వాత, 2024 జూలైలో మిగతా సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క ఉపసెక్షన్‌ని పక్కన పెట్టారు. మిగిలినవాళ్లు, అంటే ఆగి చూసినవాళ్లు, ఆగకుండా వెళ్లినవాళ్లు, ఫోన్ పైకెత్తి వీడియో తీసినవాళ్లు, ఈ లెక్కలోకే రారు.

అందరికన్నా గట్టి బాధ్యత ఆస్పత్రిది, డాక్టరుది. దీనికి దారి వేసింది 1989 నాటి పరమానంద్ కటారా కేసు. స్కూటర్ మీద వెళుతున్న ఒక వ్యక్తిని కారు గుద్దింది. దారిన పోతున్న ఒకాయన అతన్ని ఎత్తుకుని దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. అక్కడి డాక్టర్లు, ఇది మెడికో లీగల్ కేసు (పోలీసు విచారణ ఉండే గాయం), ఇలాంటివి చూడటానికి అనుమతి ఉన్న ఆస్పత్రి ఇరవై కిలోమీటర్ల అవతల ఉంది, అక్కడికి పొమ్మన్నారు. చేరేలోపే ప్రాణం పోయింది. సర్కారీ అయినా ప్రైవేటైనా ప్రతి డాక్టరూ ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు లాంఛనాలు తర్వాత అని సుప్రీంకోర్టు ఆ కేసులో తేల్చిచెప్పింది. బాధితుడు అమాయకుడైనా, నేరం చేసి గాయపడ్డవాడైనా తేడా లేదంది. 1996లో పశ్చిమ బెంగాల్ కేసులో ఇంకో మెట్టు ఎక్కింది. రైల్లోంచి పడ్డ మనిషిని మంచాల్లేవంటూ వరసగా ప్రభుత్వాస్పత్రులు తిప్పి పంపడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుని కాలరాయడమేనని చెప్పి, రాష్ట్రం చేత 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది.

యాసిడ్ దాడి, అత్యాచారం బాధితుల విషయంలో మరింత స్పష్టత ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ కింద ఏ ఆస్పత్రైనా, ప్రైవేటుదైనా సరే, వెంటనే ఉచితంగా ప్రథమ చికిత్స గానీ వైద్యం గానీ అందించి పోలీసులకి కబురు చేయాలి. కాదంటే న్యాయ సంహిత 200వ సెక్షన్ కింద ఆస్పత్రి నడిపేవాళ్లకి ఏడాది దాకా జైలు పడొచ్చు. "పోలీసు కేసు కదా, ముందు ఎఫ్‌ఐఆర్ కాపీ తెండి" అన్న మాట ఇంకా ఎక్కడైనా వినపడితే, అది చట్టవిరుద్ధమైన మాట. ముఫ్ఫై ఏళ్లకు పైగా చట్టవిరుద్ధమే.

కటారా తీర్పులో జనం పెద్దగా చెప్పుకోని అంశం ఒకటుంది. డాక్టర్లు ఇలాంటి కేసులకి ఎందుకు భయపడతారో కోర్టు ఆలోచించింది. అవసరం లేకపోతే వాళ్లని సాక్ష్యానికి పిలవొద్దనీ, పిలిచినా గంటల తరబడి కూర్చోబెట్టొద్దనీ చెప్పింది. బాధ్యత మోపిన చేత్తోనే భయం తీసే ప్రయత్నమూ చేసింది. అదే కేసులో బాధితుణ్ణి ఎత్తుకొచ్చిన దారినపోయే మనిషికి అలాంటి భరోసా దొరకడానికి 2016 దాకా పట్టింది. దొరికిందైనా సగమే. ఆ సగం సంగతికి వచ్చేముందు, దానయ్య మీద చట్టం పెట్టిన చిన్న బాధ్యతని చూడాలి, ఎందుకంటే అందులోనే ఒక పెద్ద కంత ఉంది.

సాయం చేయమని చట్టం అడగకపోయినా, కొన్ని నేరాల గురించి తెలిస్తే చెప్పమని అడుగుతుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 39, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 33వ సెక్షన్. హత్య, దోపిడీ, బందిపోటు, డబ్బు కోసం కిడ్నాప్, రాజ్యం మీద యుద్ధం, కల్తీ, దొంగ నోట్లు ఇలా ఒక జాబితా ఉంటుంది. వాటిలో ఏది జరిగినా, జరగబోతోందని తెలిసినా, తెలిసిన ప్రతి మనిషీ వెంటనే దగ్గర్లోని పోలీసుకో మేజిస్ట్రేటుకో చెప్పాలి. సరైన కారణం లేకుండా చెప్పకపోతే తప్పు. కారణం ఉందని చూపించాల్సింది కూడా చెప్పనివాడే. కావాలని దాచినట్టు తేలితే ఆరు నెలల దాకా జైలు.

ఇప్పుడు ఆ జాబితాని ఒక రాత్రికి అన్వయించి చూద్దాం. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద, రాత్రి పది గంటలు. ఇద్దరు గొడవ పడ్డారు, ఒకడు రెండోవాడి కడుపులో పొడిచి పారిపోయాడు. పొడిపించుకున్నవాడు ఫ్లైఓవర్ స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు, చొక్కా తడుస్తోంది, మాట్లాడుతున్నాడు. ఈ క్షణానికి అక్కడ జరిగింది హత్యాయత్నం, న్యాయ సంహిత 109వ సెక్షన్. 33వ సెక్షన్ జాబితాలో హత్య ఉంది, హత్యాయత్నం లేదు. ఆయుధంతో తీవ్రగాయం చేయడం లేదు. యాసిడ్ దాడి లేదు. అంటే అతను ఊపిరితో ఉన్నంతసేపూ, చూసినవాళ్లలో ఎవరూ పోలీసుకి చెప్పాల్సిన బాధ్యతలో లేరు. ఇరవై నిమిషాల తర్వాత రక్తమంతా పోయి అతను ఒరిగిపోతే, అప్పుడు అది హత్య అవుతుంది, చెప్పడం అందరి బాధ్యతా అవుతుంది. కబురు ఉపయోగపడే సమయంలో బాధ్యత లేదు. ఉపయోగం తీరాక వచ్చింది. ఈ జాబితా రాసినవాళ్ల దృష్టి నేరస్థుణ్ణి పట్టుకోవడం మీద, రాజ్యం భద్రత మీద ఉంది. స్తంభానికి ఆనుకుని కూర్చున్న మనిషి మీద లేదు. నేర చట్టాలు మూడూ కొత్తగా రాసుకున్నప్పుడు ఈ కంత పూడ్చే అవకాశం వచ్చి కూడా జారిపోయింది.

పిల్లల మీద లైంగిక నేరాల విషయంలో మాత్రం ఈ కంత లేదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చని అనుమానం కలిగినా ఎవరైనా సరే చెప్పాలి. జరిగిందని తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా శిక్ష. ఇక పోలీసు అధికారి స్వయంగా, సహేతుకంగా సాయం అడిగితే, ఉదాహరణకి పారిపోతున్నవాణ్ణి పట్టుకోవడానికి చెయ్యి వేయమంటే, కాదనకూడదు.

బాధ్యత ఇంత పలచగా ఉంటే, హక్కు మాత్రం దిట్టంగా ఉంది. చాలామందికి ఈ సంగతి తెలియదు, అందుకే కాస్త ఆగి చెప్పుకోవాలి. ఆత్మరక్షణ హక్కు తన ఒంటికే పరిమితం కాదు. న్యాయ సంహిత 35వ సెక్షన్ ప్రకారం ఇంకొకరి శరీరాన్ని కాపాడటానికి కూడా ఎవరైనా అడ్డుపడొచ్చు, బలం వాడొచ్చు. ఆ ఇంకొకరు చుట్టం కానక్కర్లేదు. దాడి తీరు చూస్తే చావో తీవ్రగాయమో తప్పదన్న భయం కలిగినప్పుడు, అత్యాచారం, యాసిడ్ దాడి లాంటివి జరుగుతున్నప్పుడు, ఆ హక్కు దాడి చేసేవాడి ప్రాణం తీసేదాకా కూడా వెళుతుందని 38వ సెక్షన్ అంటుంది. అవసరానికి మించి కొట్టకూడదు. దాడి ఆగిపోయి, వాడు పారిపోతుంటే లేదా దొరికిపోతే, హక్కు అక్కడితో సరి. దొరికినవాణ్ణి స్తంభానికి కట్టేసి పదిమందీ కొట్టడం రక్షణ కాదు, అది వేరే నేరం. తన కళ్లెదుట బెయిలివ్వని, పోలీసులు నేరుగా పట్టుకోదగ్గ నేరం జరిగితే, మామూలు మనిషి కూడా ఆ నేరస్థుణ్ణి అరెస్టు చేయొచ్చు. నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ అలా పట్టుకున్నవాణ్ణి ఆలస్యం చేయకుండా, ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పగించమంది.

గాయపడ్డవాణ్ణి ముట్టుకుంటే, ఏదైనా తేడా జరిగితే తన మీదకొస్తుందన్న భయానికీ న్యాయ సంహితలో జవాబుంది. స్పృహలో లేని మనిషి మంచి కోరి, అతని అనుమతి లేకుండా సద్భావంతో చేసిన పని నేరం కాదని 30వ సెక్షన్. గుర్రం మీంచి పడి స్పృహ తప్పినవాడికి వైద్యుడు తలకి శస్త్రచికిత్స చేసే ఉదాహరణ మెకాలే కాలం నుంచీ అక్కడే ఉంది.

ఇన్ని హక్కులున్నా జనం ఎందుకు వెనకాడతారు? కారణం కత్తి ఒక్కటే అనుకుంటే పొరపాటు. కత్తి పట్టినవాడు పారిపోయాక కూడా ఎవరూ దగ్గరికి రారు. అసలు భయం ఆస్పత్రి గుమ్మం దగ్గర మొదలవుతుంది.

క్యాజువాలిటీలో యాక్సిడెంట్ రిజిస్టర్ అని ఒక పుస్తకం ఉంటుంది. గాయం ఎక్కడ, ఎంత లోతు, ఏ ఆయుధంతో అయి ఉండొచ్చు అన్న వివరాల పక్కనే ఒక గడి ఉంటుంది: ఎవరు తీసుకొచ్చారు. ఆటో అతను పేరు చెబుతాడు. నంబరు అడుగుతారు. డాక్టరు ఆస్పత్రిలోని పోలీసు ఔట్‌పోస్టుకి చెబితే, అక్కడి నుంచి స్టేషన్‌కి ఇంటిమేషన్ వెళుతుంది. స్టేషన్ నుంచి ఎస్సై వస్తాడు. ఈలోగా ఆటో సీటు మీద రక్తం ఎండిపోతూ ఉంటుంది. రాత్రి తిరిగితేనే వచ్చే డబ్బు, పొద్దున్నే ఓనరుకి కట్టాల్సిన అద్దె, ఇంట్లో ఫోన్ చేస్తున్న భార్య. వివరం రాసుకుని పంపిస్తే పర్వాలేదు. "నువ్వే ఎందుకు తెచ్చావు? నీకేం సంబంధం?" అని అడిగితే? పంచనామాకి సంతకం పెట్టమంటే? రెండేళ్లకో మూడేళ్లకో సమన్లొచ్చి, ఆ రోజు కూలి పోగొట్టుకుని కోర్టుకి వెళితే వాయిదా పడితే? మళ్లీ వెళితే మళ్లీ వాయిదా పడితే? "మనకెందుకొచ్చిన గొడవ" అన్న మాటని మన ఊళ్లలో పిరికితనం కింద జమకడతారు. ఆ ఆటో అతని వైపు నుంచి చూస్తే అది అనుభవం నేర్పిన లెక్క. రోడ్డు భద్రత కోసం పనిచేసే సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2013లో జరిపించిన సర్వేలో రోడ్డు ప్రమాద బాధితులకి సాయం చేయడానికి ముందుకు రామన్నవాళ్లు 74 శాతం. వాళ్లలో 88 శాతం చెప్పిన కారణం పోలీసు, కోర్టు తలనొప్పులు.

ఆ సంస్థ వేసిన కేసులోనే 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, కేంద్రం అంతకు ముందు ఏడాది ఇచ్చిన మార్గదర్శకాలకి చట్టబలం కల్పించింది. 2019లో అవి మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్‌గా చేరాయి, 2020లో నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం గాయపడ్డవాణ్ణి తెచ్చినవాడు పేరు, చిరునామా చెప్పి తీరాలని ఎవరూ బలవంతం చేయకూడదు. ఆస్పత్రి అతన్ని ఆపకూడదు, డబ్బు కట్టమని అడగకూడదు. తనంతట తాను సాక్షిగా ఉండటానికి ఒప్పుకుంటే, అతనికి వీలైన చోట, వీలైన వేళ, ఒక్కసారే అడగాలి. ఇంటికి వెళితే పోలీసు మామూలు దుస్తుల్లో వెళ్లాలి. ఈ హక్కులన్నీ రాసిన బోర్డు స్థానిక భాషలో ఆస్పత్రి గుమ్మం దగ్గర పెట్టాలి. ప్రాణం కాపాడినవాళ్లకి కేంద్రం ఇచ్చే బహుమతి 5,000 రూపాయలతో మొదలై ఇప్పుడు 25,000కి పెరిగింది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితుడికి ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా నగదు లేని వైద్యం పథకం కూడా ఉంది.

ఇదంతా మోటారు వాహన ప్రమాదానికే. 134ఏ ఉన్నది ఆ చట్టంలో కాబట్టి దాని గొడుగు అంతవరకే. మంగళగిరి దగ్గర జాతీయ రహదారి మీద బైకు జారి పడ్డవాణ్ణి గుంటూరు పెద్దాసుపత్రికి చేర్చిన ఆటో అతను పేరు చెప్పకుండా వెళ్లిపోవచ్చు. మర్నాడు అదే చోట, అదే ఆటోలో, అదే గుమ్మానికి కత్తిపోటు తగిలినవాణ్ణి తెస్తే ఆ గొడుగు లేదు. కారే రక్తం ఒకటే, పోయే ప్రాణం ఒకటే, పరిగెత్తిన ఆటో ఒకటే. మారింది గాయం చేసిన వస్తువు మాత్రమే.

ఈ తేడాకి పోలీసుల దగ్గర ఒక కారణం ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. నేరం జరిగినప్పుడు బాధితుణ్ణి తెచ్చినవాడు నిందితుడి మనిషి కావచ్చు, ఒక్కోసారి నిందితుడే కావచ్చు. కాకపోయినా అతని సాక్ష్యం విలువైనది. దారిలో బాధితుడు "నన్ను పొడిచింది ఫలానావాడు" అని చెప్పి చనిపోతే, ఆ మాట విన్న ఆటో అతని నోటి వెంట అది మరణ వాంగ్మూలం అవుతుంది, కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చు. కాబట్టి పేరు చెప్పకుండా వెళ్లిపోయే హక్కు నేరాల్లో యథాతథంగా ఇవ్వలేం. కానీ 134ఏ ఇచ్చింది అదొక్కటే కాదు కదా. ఆపకూడదు, డబ్బు అడగకూడదు, ఒక్కసారే విచారించాలి, ఇంటికే వచ్చి మర్యాదగా అడగాలి అన్నవి కత్తిపోటు కేసులో దర్యాప్తుకి ఏ నష్టమూ చేయవు. సాక్షి మాటని వీడియోలో రికార్డు చేయడానికి, కోర్టులో తెర మీద విచారించడానికి కొత్త సంహితలో వీలుంది. 2018లో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఉంది. పనిముట్లన్నీ ఉన్నాయి, వాటిని దానయ్య దాకా తెచ్చే సెక్షన్ ఒకటి లేదు.

సాయం చేయనివాణ్ణి శిక్షించే దేశాలు లేకపోలేదు. ఫ్రాన్స్‌లో తనకి ప్రమాదం లేకుండా సాయం చేయగలిగీ చేయకపోతే ఐదేళ్ల దాకా జైలు, 75,000 యూరోల దాకా జరిమానా. 1997లో పారిస్ సొరంగంలో డయానా కారు ప్రమాదం జరిగినప్పుడు ఫొటోగ్రాఫర్ల మీద ఈ చట్టం కింద కూడా విచారణ నడిచింది. జర్మనీలో ఏడాది దాకా జైలు. సాయపడేవాళ్లకి అడ్డం నిలబడినా 2017 నుంచి అక్కడ నేరమే. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం 1967లోనే ఇలాంటి చట్టం చేసుకుంది, జరిమానా మాత్రం వంద డాలర్లు దాటదు. ఈ చట్టాలు ఎవర్నీ కత్తికి ఎదురెళ్లమనవు. తనకి ప్రమాదం లేని సాయమే అడుగుతాయి. చాలా సందర్భాల్లో ఒక ఫోన్ చేస్తే ఆ బాధ్యత తీరిపోతుంది.

మనకి అలాంటి శిక్ష రావాలా? ఇప్పుడున్న స్థితిలో తెస్తే చేటే ఎక్కువ. శిక్ష భయంతో ముందుకొచ్చేవాడికన్నా, చూసినట్టు ఒప్పుకుంటే కేసవుతుందని అసలు అక్కడ లేనే లేనని చెప్పేవాడే ఎక్కువవుతాడు. అప్పుడు సాయమూ పోతుంది, సాక్ష్యమూ పోతుంది. ముందు గొడుగు పట్టాలి. 134ఏలోని రక్షణల్ని, పేరు దాచే హక్కుని తగినట్టు సవరించి, నేర బాధితులకి సాయపడేవాళ్లకీ వర్తించేలా నాగరిక్ సురక్షా సంహితలో చేర్చాలి. క్రిమినల్ ప్రొసీజర్, కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలోది కాబట్టి ఢిల్లీ ముందు చట్టం చేసేదాకా ఎదురుచూడక్కర్లేదు. కర్ణాటక 2016లో సాయపడేవాళ్ల రక్షణకి సొంత చట్టం చేసుకుని, 2018లో రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుంది. అమరావతిలో శాసనసభ ఆ పని చేయడానికి అడ్డేమీ లేదు. ఆ తర్వాత 33వ సెక్షన్ జాబితాలో హత్యాయత్నం, ఆయుధాలతో తీవ్రగాయం, యాసిడ్ దాడి చేర్చడం న్యాయం. అత్యాచారాన్ని అందులో గుడ్డిగా చేర్చకూడదు. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది వయసొచ్చిన బాధితురాలి నిర్ణయం, దాన్ని దారినపోయేవాడి చేతిలో పెట్టడం తప్పు. అక్కడ అడగాల్సింది అంబులెన్సుకి ఫోన్ చేయడం వరకే.

జనం రారన్న నమ్మకం కూడా కొంత మనం అల్లుకున్నదే. 1964లో న్యూయార్క్‌లో ఒక యువతిని ఇంటి ముందు చంపుతుంటే 38 మంది చూస్తూ కూర్చున్నారని ఒక పత్రిక రాసింది, ప్రపంచమంతా నమ్మింది. ఆ కథనంలో చాలా అతిశయోక్తి ఉందని అదే పత్రిక 2016లో ఒప్పుకుంది. ఆ ఘటన చూసి 1968లో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఒకరికి ఫిట్స్ వచ్చినట్టు వినిపించినప్పుడు, తానొక్కడే ఉన్నాననుకున్నవాళ్లలో 85 శాతం సాయానికి కదిలారు. ఇంకా నలుగురు వింటున్నారనుకున్నవాళ్లలో 31 శాతమే కదిలారు. ఎవరో ఒకరు చేసే ఉంటారులే అనుకోవడం దీనికి కారణం. దానికి ఎదురుగా 2019లో వచ్చిన ఇంకో అధ్యయనం ఉంది. ఆమ్‌స్టర్‌డామ్, లాంకాస్టర్, కేప్‌టౌన్ వీధుల్లో సీసీ కెమెరాలకి చిక్కిన 219 గొడవల్ని చూస్తే, పదింట తొమ్మిదింటిలో కనీసం ఒక్కరైనా అడ్డుపడ్డారు. జనం చుట్టూ ఉంటే అడ్డుపడేవాడు ఒకడు దొరికే అవకాశం పెరిగింది కూడా. మొదటి అడుగు ఎవరు వేయాలన్నదే చిక్కు. అందుకే గుంపులో "ఎవరైనా ఫోన్ చేయండి" అని అరిస్తే పని కాదు. ఒకణ్ణి వేలుపెట్టి చూపించి, "బాబాయ్, ఎర్రచొక్కా, నువ్వు 108కి కొట్టు. తమ్ముడూ, నువ్వు ఆటో ఆపు" అంటే అవుతుంది.

108 మన ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న పుట్టిన సేవ. పోలీసు, అగ్నిమాపక, వైద్యం అన్నిటికీ 112. కత్తి ఇంకా ఒంట్లో దిగి ఉంటే లాగకూడదు, లాగితే రక్తం ఎగజిమ్ముతుంది, అది కదలకుండా చూడాలి. కత్తి లేకపోతే కండువా, చున్నీ, తువ్వాలు ఏది దొరికితే అది మడిచి గాయం మీద రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకోవాలి. మాటిమాటికీ తీసి చూడకూడదు. యాసిడ్ అయితే ఆగకుండా మంచినీళ్లు పోస్తూనే ఉండాలి, పసుపు, పేస్టు ఏమీ రాయకూడదు. వీడియో తీసి ఉంటే అది పోలీసుల చేతికి వెళ్లాలి, గ్రూపుల్లోకి కాదు. అత్యాచార బాధితురాలి ఆనవాలు తెలిసేలా ప్రచురిస్తే న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా శిక్ష ఉంది.

ఇక ఆస్పత్రి గుమ్మం దగ్గర, గొడుగు లేని ఈ రోజున కూడా, కత్తిపోటు బాధితుణ్ణి తెచ్చినవాడి చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఆస్పత్రి అతని దగ్గర డబ్బు అడిగి వైద్యం ఆపితే కటారా తీర్పు అడ్డొస్తుంది. దర్యాప్తు అధికారి అతన్ని సాక్షిగా స్టేషన్‌కి పిలవాలంటే నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ కింద రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి, "స్టేషన్‌కి రా" అన్న నోటిమాట చాలదు. తెచ్చింది ఆడమనిషి అయినా, పదిహేనేళ్లలోపు లేదా అరవై దాటిన మగవాడైనా, వికలాంగులైనా, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లైనా, ఆ ఉత్తర్వుతో కూడా స్టేషన్‌కి రప్పించకూడదు. పోలీసే వాళ్ల ఇంటికి వెళ్లి అడగాలి.